జనం బస్సెక్కడం లేదని రోడ్డు వెడల్పు చేయాలా? బస్సు లేకే ఎక్కడం లేదా?

కాలవగట్టు:
కోనసీమలోనూ, గోదారి పాయ వశిష్ఠ దాటి నరసాపురం వైపూ కాలవగట్ల మీది రోడ్లు చాలావరకు ఒంటివరస రోడ్లే, తారు వెడల్పు 3.75 మీటర్లు. 5.5కి పెంచాలన్న మాట వచ్చినప్పుడల్లా ముందు పెట్టేది ట్రాఫిక్ లెక్క: బైకులు, సర్వీసు ఆటోలు, రొయ్యల బండ్లు బోలెడు, పల్లెవెలుగు బస్సు ఎక్కడో ఒకటి. జనం అలవాటు ఇదీ, కాబట్టి రోడ్డే పెంచాలంటారు. ఆ అలవాటులో సగం బస్సు లేకపోవడం వల్ల పుట్టిందేనని నా వాదన. ఆ డబ్బులో కొంత బస్సు ట్రిప్పులకూ, గట్టు మీద దీపాలకూ పెట్టాలి. కాదనేవాళ్ళు ఎందుకో చెప్పండి.

దాళ్వా:
నేను కాదంటాను. పొద్దున్నే చేను, అక్కణ్ణుంచి ఎరువుల కొట్టు, బ్యాంకు, తిరిగొచ్చేటప్పుడు బడి దగ్గర పిల్లలు. రైతు ఇంట్లో ఇదంతా ఒకే ప్రయాణం. ఈ నాలుగింటినీ ఏ బస్సూ కలపలేదు. బైకు మోజు అని తీసిపారేస్తారు గానీ, పనుల వరసే అలాంటిది. ‘బస్సు వేస్తే ఎక్కుతారా’ అని అడిగితే అందరూ ఎక్కుతామనే అంటారు, మాటకు ఖర్చేముంది! కాకినాడ–కోటిపల్లి 45 కిలోమీటర్ల లైను 2004లో మళ్ళీ తెరిచి రైల్‌బస్సు, అంటే పట్టాల మీద నడిచే బస్సులాంటి చిన్న బండి, నడిపారు, జనం దానికోసం ఎగబడలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర బార్ట్ అనే లోకల్ రైలు రాకముందు, ప్రయాణాల్లో దాని వాటా 15 శాతం ఉంటుందని అధికారిక అంచనా. జనం అప్పటికే ఎంచుకుంటున్న తీరును బట్టి ఆర్థికవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్ కట్టిన అంచనా 6.3. చివరికి తేలింది 6.2. ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది ఇలాంటి ఎంపికల విశ్లేషణకే. కాబట్టి జనం ఏం చేస్తున్నారో అదే కొలవండి.

పంటురేవు:
దాళ్వా గారూ, ఆ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుందండి. మెక్‌ఫాడెన్ అప్పటి బస్సు వాటాను తీసుకుని అదే రేపూ ఉంటుందనలేదు. నడక ఎంత, ఎదురుచూపు ఎంత, బండిలో ఎంతసేపు, ఖర్చెంత, వీటిలో ఒక్కోదానికి జనం ఎంత విలువిస్తున్నారో తేల్చి, ఇంకా రాని రైలుకు వాటిని వేసి చూశాడు. మన గట్టుకూ అదే చేద్దాం. స్టాపులో నిలబడ్డ నిమిషం, బస్సులో కూర్చున్న నిమిషానికి సుమారు రెండింతలు భారంగా తోస్తుందని చాలా చోట్ల తేలింది. అరగంటకో బస్సు క్రమంగా వస్తే సగటు ఎదురుచూపు 15 నిమిషాలు. అవే బస్సులు ఒకసారి 10 నిమిషాలకూ, మరోసారి 50 నిమిషాలకూ వస్తే సగటు 21.7 అవుతుంది, ఎందుకంటే ఎక్కువమంది స్టాపుకు చేరేది ఆ పెద్ద ఖాళీలోనే. బస్సులు తగ్గలేదు, డీజిల్ తగ్గలేదు, నిలబడేవాళ్ళకు మాత్రం దాదాపు ఏడు నిమిషాలు పెరిగాయి. సర్వీసు ఆటో దూరేది ఆ ఖాళీలోకే. బస్సుకు పది నిమిషాల ముందు బయల్దేరి స్టాపులన్నీ ఊడ్చుకుపోతుంది. వెనక వచ్చిన బస్సుకు కలెక్షన్ ఉండదు, ట్రిప్పు తీసేస్తారు, ఖాళీ ఇంకా పెద్దదవుతుంది. దీన్ని జనం అలవాటు అనడం నాకు అన్యాయంగా ఉంది.

రైల్‌బస్సు సంగతి చూడండి. ఆ లైను కోటిపల్లిలో గోదారి ఒడ్డున ఆగిపోతుంది. అవతల ముక్తేశ్వరానికి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కాలి, అక్కణ్ణుంచి అమలాపురానికి ఇంకో బండి. నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000–01లో మంజూరైంది, దానికి గోదారి పాయలు గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటి మీదా వంతెనలు కావాలి. ఏటి ఒడ్డున ఆగిన రైలును చూసి కోనసీమకు రైలు అక్కర్లేదని ఎలా తేలుస్తాం?

సఖినేటిపల్లి–నరసాపురం పంటు దగ్గరా ఇదే. అక్కడ మనుషుల్ని లెక్కపెడితే దాటగలిగినవాళ్ళే వస్తారు. వరదకు పంటు ఆగినప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగినవాళ్ళు వేరే రోడ్డు లెక్కలో పడతారు. ప్రయాణమే మానుకున్నవాళ్ళు ఏ లెక్కలోకీ రారు.

తూనిక:
ఆ ట్రాఫిక్ లెక్క ఫారం ఎలా ఉంటుందో చూస్తే గొడవ సగం అర్థమవుతుంది. గ్రామీణ రోడ్లకు ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణంలో కారును ఒక యూనిట్ అనుకుని మిగతా బండ్లను దానితో పోలుస్తారు: బైకు 0.5 యూనిట్, సైకిలూ 0.5, కారూ ఆటో 1, బస్సు 3, ట్రైలరున్న ట్రాక్టరు 4.5. నలభై మంది బస్సులో వెళ్తే 3 యూనిట్లు. అదే నలభై మంది ఇద్దరేసి చొప్పున ఇరవై బైకుల మీద వెళ్తే 10. యూనిట్లు పెరిగేకొద్దీ వెడల్పుకు బలం. అంటే బస్సు తీసేసిన రోడ్డుకే వెడల్పు ముందు దక్కుతుంది! నడిచేవాళ్ళకు ఆ పట్టికలో యూనిట్టే లేదు. వాహనాల్ని కాదు, మనుషుల్ని కదిలించాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. పల్లె రోడ్డు ఫారంలో ‘ఎంతమంది’ అనే గడి ఇప్పటికీ కావాలి.

ఇంకోటి. లెక్క ఏడాదికి రెండుసార్లు, ఏడేసి రోజులు తీయాలి, ఒకటి కోతలూ అమ్మకాలూ జోరుగా ఉన్నప్పుడు, రెండోది మందకొడి రోజుల్లో. సార్వా (ఖరీఫ్) కోతల వారం ఒక్కటే తీసి సరిపెడితే ధాన్యం ట్రాక్టర్లు ఏడాదంతా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది.

దాళ్వా:
గడి మార్చమనండి, ఒప్పుకుంటా. కానీ 3.75 మీటర్ల మీద ధాన్యం లారీకి బస్సు ఎదురైతే రెండింటి చక్రాలూ మట్టి అంచు మీదకి దిగాల్సిందే. అంచు అరిగి తారు కొస విరుగుతుంది, వానాకాలం కాలవ వైపు గట్టు జారుతుంది. మీరు కోరే బస్సుకూ చోటు కావాలి కదా?

కాలవగట్టు:
చోటు కావాలి, నిజమే. అయితే పొడవునా 5.5 అక్కర్లేదు. కిలోమీటరుకు రెండు మూడు తప్పుకునే చోట్లు, ఎదురు బండి కనిపించేంత దూరంలో, కాలవ వైపు గట్టు జారకుండా రాతి రివిట్‌మెంటు కట్టి ఇస్తే చాలా గట్లకు సరిపోతుంది. కొబ్బరిచెట్లూ దక్కుతాయి.

అలవాటు మారదన్న మాటకు మన కళ్ళముందే జవాబుంది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి కింద ఆడవాళ్ళకు ఉచిత బస్సు మొదలైంది. ఆటోలకు గిరాకీ పడిపోయిందని గోల రాగా, అక్టోబరులో డ్రైవర్లకు 15,000 రూపాయల చొప్పున ప్రభుత్వం ఇవ్వాల్సొచ్చింది. ఛార్జీ ఒక్కటి మారితేనే ఇంత కదలిక! వాళ్ళకిచ్చే ఆ జీరో టికెట్టులో ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ ఉంటాయి. ఏ ఊరు నుంచి ఏ ఊరికి, ఏ వేళకి అన్నది డిపోలోనే దొరుకుతుంది, కొత్త సర్వే అక్కర్లేదు.

పంటురేవు:
వాడుకోవాలి గానీ జాగ్రత్తగా. లంక నుంచి అమలాపురంలో బస్సు మారి కాకినాడ వెళ్ళినామె రెండు ప్రయాణాలుగా నమోదవుతుంది. కిక్కిరిసి ఎక్కలేకపోయినామె అసలు నమోదు కాదు.

తూనిక:
అందుకే టికెట్ల లెక్కకు తోడు ఇళ్ళ దగ్గరా అడగాలి. ‘ఎక్కుతారా’ అని కాకుండా ‘నిన్న పొద్దున్నుంచి ఎక్కడెక్కడికి వెళ్ళారు, దేని మీద, ఎంతసేపు నిలబడ్డారు, వెళ్ళాలనుకుని మానేసింది ఏమన్నా ఉందా’ అని. ఇంటి పెద్దను ఒక్కణ్ణే అడిగితే ఆడవాళ్ళ నడకలు, పిల్లల బడి దారి సగం రాలిపోతాయి. ఒక్కొక్కర్నీ విడిగా అడగాలి. సంక్రాంతి, అంతర్వేది తీర్థం రోజులు వదలాలి, సంత రోజు తప్పక ఉండాలి. నాట్లకు తెల్లారుజామునే వెళ్ళే కూలీలు ఆరింటికి మొదలెట్టిన లెక్కలో దొరకరు, నాలుగున్నరకే కూర్చోవాలి.

దాళ్వా:
చీకటి పడ్డాక ఆడపిల్లలు గట్టు మీద స్టాపులో నిలబడడం మానేసిన వేళ ఏదో కూడా రాయించండి. దీపాలకు నేను ముందే ఒప్పుకుంటాను. బస్సుల విషయంలో ఒకే ఒక్క గట్టు మీద, ఆటోలతో టైములు మాట్లాడుకుని, సార్వా నాట్ల నుంచి దాళ్వా (రబీ) కోతల దాకా అరగంటకోటి తప్పకుండా నడిపి చూపించమనండి. మధ్యలో కలెక్షన్ చూసి ట్రిప్పు తీసేయకూడదు. అప్పుడూ బైకులే తిరిగితే వెడల్పు ఫైలు కదపాలి, సరేనా?