నవ్వొచ్చే సూపర్‌హీరో కామిక్స్ చెప్పున్రి: తొమ్మిదో తరగతి పోరనికి

నల్లగొండ మేనమామ:
అన్నలారా, అక్కలారా, ఒక సాయం గావాలె. మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. హాస్టల్ల ఉండి చదువుకుంటడు, దసరా సెలవులకు మా ఇంటికొచ్చిండు. వచ్చినకాడికెల్లి ఫోన్ల రీల్సే రీల్సు. కంచం ముంగట పెట్టినా తల ఎత్తడు. ఏమన్న చదువురా అంటే "సూపర్‌హీరో కామిక్స్ ఇప్పియ్యి మామా, నవ్వొచ్చేటియి" అన్నడు. నాకు బ్యాట్‌మాన్, స్పైడర్‌మాన్ పేర్లు తప్ప ఏం తెల్వదు, అవి గూడ సినిమాల్ల సూసినయే. జపానోళ్ల కామిక్స్, మాంగా అని ఇంకోటి ఉంటదట, హాస్టల్ల దోస్తులు చెప్పిన్రట. వానికి ఇంగ్లీషు నడుస్తది గని మరీ లావు మాటలొస్తే పుస్తకం పక్కకు పడేస్తడు. నా షరతులు మూడే: నవ్వు రావాలె, బూతు ఉండొద్దు, జేబు ఖాళీ కావొద్దు. గడియారం సెంటర్ కాడ అడిగితే గ్రూప్స్ మెటీరియల్ చూపిస్తున్రు. ముందుగాల ఏది కొనాలె, ఏది ఫోన్ల చదవొచ్చు, జర చెప్పున్రి.

జడ్చర్ల జంక్షన్:
కొనుడెందుకన్నా, పేరు కొట్టి పక్కన ఫ్రీ అని కొట్టు. అన్నీ దొరుకుతయ్.

పాలమూరు అక్క:
జంక్షన్ తమ్మీ, ఆ సైట్లల్ల ఒక పేజీ తెరిస్తే మూడు రమ్మీ యాడ్లు, ఒక బెట్టింగ్ యాప్, అటెన్క నా నోటితోని చెప్పలేని బొమ్మలు. చదువుకునే పోరని చేతిల పెట్టేటివా అవి? బొమ్మ గీసినోనికి రూపాయి గూడ ముట్టదు, అది వేరే.

మేనమామ తమ్మీ, నువ్వు కండ్లు మూసుకోని వన్ పంచ్ మ్యాన్ అనే మాంగా మొదటి భాగం తెప్పియ్యి. కథ చెప్త ఇను. సైతామా అని ఒకడు. నౌకరి లేదు. ఇంటర్వ్యూకు పోయి, అది గూడ తప్పి, సూటు బూటు మీద వస్తుంటే ఎండ్రకాయ రాక్షసుడు ఎదురైతడు. మెడల ఉన్న టైతోనే వాని పని పడతడు. అప్పటిసంది హీరో కావాలని రోజు నూరు పుషప్పులు, నూరు సిటప్పులు, నూరు బస్కీలు, పది కిలోమీటర్ల పరుగు. మూడేండ్లు చేసిండు. బలమైతే వచ్చింది గని నెత్తి మీద ఒక్క ఎంటిక మిగల్లే. ఇగ ఎంత పెద్ద రాక్షసుడొచ్చినా ఒక్క గుద్దుకే ఖతం. వాని దుఃఖమే అది. కొట్లాటల మజా పోయింది, బతుకుల మజా పోయింది.

మరి నవ్వెక్కడ అంటవా? ఊరు కూలగొట్టేటోన్ని ఒక్క గుద్దుతోని పడగొట్టేటోడు, ఇంట్ల దోమను మాత్రం కొట్టలేడు. చెయ్యి లేపుతడు, చప్పట్లు కొడతడు, దోమ తప్పించుకుంటది. మొఖం మీద నరాలు ఉబ్బుతయ్ సూడు, ఆ పేజీ కాడ మా ఇంట్ల అందరం పడి పడి నవ్వినం. వానాకాలంల పాలమూరుల ఉన్నోళ్లకు ఇంకా ఎక్కువ అర్థమైతది. ఇంకోకాడ జెనోస్ అని సగం మిషిను పోరడు శిష్యున్ని చేసుకో అని వచ్చి, చిన్నప్పటి కష్టాలు మొదలుపెట్టి పేజీల కొద్దీ చెప్తనే ఉంటడు. సైతామాకు ఓపిక అయిపోయి "ఇరవై మాటలల్ల చెప్పు" అని ఒర్లుతడు. మా బంధువుల పెండ్లిళ్లల్ల మైకు పట్టుకునేటోళ్లకు ఆ పేజీ ఫ్రేము కట్టించి ఇయ్యాలె.

అన్నిటికంటే మనోళ్లకు బాగా పట్టేది హీరోల పరీక్ష. అవును, హీరోలకు గూడ సంఘం ఉంటది, పరీక్ష ఉంటది. దేహదారుఢ్యంల సైతామా అన్ని రికార్డులు బద్దలు కొడతడు, రాత పరీక్షల మాత్రం అట్టడుగు. మొత్తం 71 మార్కులు, పాసుకు 70 కావాలె. ఒక్క మార్కుతోని బయటపడి సి క్లాసుల, అంటే అన్నిటికంటే కింది క్లాసుల పడతడు. శిష్యుడు జెనోసుకేమో నూటికి నూరు, ఏకంగా అన్నిటికంటే పైనున్న ఎస్ క్లాసు! సి క్లాసోళ్లు వారానికొక మంచి పని చూపించకపోతే లిస్టుకెల్లి పేరు తీసేస్తరు. గందుకే సైతామా వీధుల పొంట దొంగల కోసం ఎతుకుతుంటడు. ఇది చదివి నవ్వనోడు ఏ నోటిఫికేషన్ కోసమూ ఎదురుచూడనోడే.

జాగ్రత్త ఒక్కటి. కొట్లాటలల్ల రక్తం ఉంటది. ఆడీడ బట్టలు కాలిపోయినప్పటి బొమ్మలుంటయ్, దోమ రాక్షసి అని ఒకామె వేషం గూడ జర అట్లనే ఉంటది. తొమ్మిదో తరగతికి నడుస్తది అనే నేనంట, ఐదో తరగతి పిల్లలకైతే ఇయ్యను.

ఇంకో ముచ్చట. దీన్ని మొదలు 2009ల వన్ అనే ఆయన నెట్టుల ఊకెనే పెట్టిండు. బొమ్మలు ఎట్లుంటయంటే నోటుబుక్కు ఎనుక పేజీల మనం గీసుకున్నట్టే ఉంటయ్. అయినా జనం ఎగబడి చదివిన్రు. 2012 నుంచి యూసుకే మురాత అనే గొప్ప చిత్రకారుడు మళ్ల గీస్తున్నడు, మనం కొనేది ఆయన గీసిన పుస్తకం. బొమ్మలు గీసుడు రాదని ఏడ్చే పిల్లలకు ఆ పాతది చూపియ్యాలె.

నల్లగొండ మేనమామ:
అక్కా, నువ్వు చెప్తుంటేనే నవ్వొస్తుంది. 71 మార్కుల ముచ్చట ఇని మా తమ్ముడు నవ్వలే, లేచి పక్కరూముకు పోయిండు. పైసలెంతైతయ్?

పాలమూరు అక్క:
ఇంగ్లీషుల విజ్ సంస్థ ఏస్తది. ఒక్కో భాగం మూడు నాలుగు వందల పైన పెట్టుకో, ఆన్‌లైన్ల తగ్గింపు వచ్చినప్పుడు సూడు. భాగాలు మాత్రం చాన్నే ఉన్నయ్, ఒక్కసారి సెట్టు జోలికి పోకు. ఒకటి కొను, వాడు అడిగితే రెండోది. హైదరాబాద్ పోతే ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాతుల పాత పుస్తకాలల్ల ఎతుకు. దొరికిందే భాగ్యం, వరుస నంబర్లు మాత్రం ఆశపడకు.

పైస పెట్టకుంట కావాలంటే ఫోన్ల మాంగా ప్లస్ యాప్ ఏసుకో. అసలు ప్రచురించే షూయేషా కంపెనీదే, 2019ల తెచ్చిన్రు. ఇంగ్లీషుల ఉంటది, మొదటి అధ్యాయాలు, కొత్తగ వచ్చిన అధ్యాయాలు ఉచితం. కొనాలా వద్దా తేల్చుకునేందుకు అవి చాలు. అండ్ల స్పై ఫ్యామిలీ చదివియ్యి. గూఢచారి ఒకడు పని కోసం దొంగ సంసారం పెడతడు. పెండ్లాం కిరాయి హంతకురాలు, తెచ్చుకున్న బిడ్డ ఆన్యాకేమో ఎదుటోల్ల మనసుల మాట ఇనిపిస్తది. ఒకల సంగతి ఒకలకు తెల్వదు, పిల్లకొక్కదానికే అన్నీ తెలుసు. ఆ పిల్లకు పల్లికాయ అంటే పానం. వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు పల్లి పండించేటోల్ల పిల్లలకు ఈ పిల్ల మనదే అనిపిస్తది.

మిర్యాలగూడ మిల్లు:
నాకొకటి అర్థం కాదు. సూపర్‌హీరో అంటే ఆకాశంల ఎగిరి విలన్ని కొట్టాలె గని, దోమలేంది, పల్లీలేంది? కామెడీ కావాలంటే కామెడీ చదవాలె, ఫైటింగ్ కావాలంటే ఫైటింగ్.

పాలమూరు అక్క:
మిల్లన్నా, ఎగిరేటోడు ఎగిరితే నవ్వెందుకొస్తది? ఎగిరేటోనికి కరెంటు బిల్లు వస్తే నవ్వొస్తది. సైతామా ఒక భయంకరమైన కొట్లాట నడిమిట్ల ఆగిపోతడు. ఏమైందని సూస్తే, ఆ దినం శనివారం, సూపర్ మార్కెట్ల తగ్గింపు ధరల రోజు! అది యాదికొచ్చి ఘొల్లుమని రాక్షసున్ని ఒక్క గుద్దు గుద్దుతడు. ఫైటింగ్ గూడ ఉంది, కామెడీ గూడ ఉంది.

నీ కోసమే ఇంకోటి చెప్త. సకమోతో డేస్, 2020ల మొదలైంది. ఒకప్పుడు హంతకులకే వణుకు పుట్టించినోడు ప్రేమల పడి, పెండ్లి చేసుకొని, లావై, చిన్న దుకాణం పెట్టుకొని గల్లా పెట్టె కాడ కూసుంటడు. పాత పగోళ్లు వస్తుంటరు. కొట్టొచ్చు గని చంపొద్దని పెండ్లాం కట్టడి. మిల్లు కాడ కూసొని చదువుకోవడానికి మంచిగుంటది.

దేవరకొండ సార్:
బాబూ, జపాన్ వాళ్ల సంగతి అమ్మాయి బాగానే చెప్పింది. మా తరం ముచ్చట కూడా ఒకటి వినండి. గుద్దు అంటే గుర్తొచ్చింది. 1987లో అమెరికాలో జస్టిస్ లీగ్ అనే సూపర్‌హీరోల జట్టు కథని గిఫెన్, డీమాటియస్ అనే రచయితలు హాస్యంగా తిరగరాశారు, కెవిన్ మగ్వాయర్ బొమ్మలు. హీరోలంతా ఒకే ఆఫీసులో పనిచేసే గుమస్తాల్లా కీచులాడుకుంటారు. ఐదో సంచికలో గై గార్డ్‌నర్ అనే నోటిదూలగాడు బ్యాట్‌మాన్‌తో కయ్యానికి దిగుతాడు. బ్యాట్‌మాన్ ఒక్కటే గుద్దు, వాడు నేల మీద పడతాడు. పక్కనున్న బ్లూ బీటిల్ అనే ఇంకో హీరో "ఒక్క గుద్దే!" అని పొట్ట పట్టుకుని నవ్వుతాడు. మగ్వాయర్ గీసిన ముఖకవళికలు చూడటానికే ఆ పుస్తకం కొనవచ్చు.

ఇంగ్లిష్ బరువనిపిస్తే హిందీ ఉంది కదా. రాజ్ కామిక్స్‌లో నాగరాజ్, ధ్రువ పేర్లు అందరికీ తెలుసు. నేనైతే బాంకేలాల్ పక్షం. రాజుగారిని ఎలాగైనా చెడగొట్టి సింహాసనం ఎక్కాలని వాడి తాపత్రయం, కానీ శివుడి శాపం వల్ల వాడు తలపెట్టిన ప్రతి కీడూ మేలుగా మారుతుంది. రాజుగారు పిలిచి సన్మానం చేస్తుంటే వాడు లోలోపల పళ్లు కొరుక్కుంటాడు. ఊళ్లో ఇలాంటి వాళ్లు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు, పేర్లు చెప్పను.

జడ్చర్ల జంక్షన్:
సార్, చాచా చౌదరి ముందు బాంకేలాల్ ఎంత? ఆయన ఎంబడుండే సాబూకు కోపమొస్తే గురుగ్రహం మీద అగ్నిపర్వతం పేలుతది!

దేవరకొండ సార్:
పేలనీ నాయనా. చాచా చౌదరిని గీసిన ప్రాణ్ గారంటే నాకూ గౌరవమే. కానీ తొమ్మిదో తరగతి పిల్లవాడికి చాచా చౌదరి ఇస్తే "చిన్నపిల్లలది ఇచ్చారు" అని మొహం ముడుచుకుంటాడు. ఆ వయసు నాకు తెలుసు, బోలెడు మందికి పాఠం చెప్పాను.

మిర్యాలగూడ మిల్లు:
మా బిడ్డ నాలుగో తరగతి. ఆమెకేం ఇయ్యాలె? దోమలు వద్దు.

సూర్యాపేట ఇంజినీర్:
మిల్లన్నా, కెప్టెన్ అండర్‌పాంట్స్. ఇద్దరు అల్లరి పిల్లలు తమ బడి హెడ్‌మాస్టర్‌ని హిప్నటైజ్ చేస్తే ఆయన డ్రాయరు మీద, మెడకు కర్టెన్ కట్టుకొని హీరోనని బజార్ల పడతడు. డేవ్ పిల్కీ 1997ల మొదలుపెట్టిండు. చిన్న వాక్యాలు, పేజీ నిండ బొమ్మలు. చడ్డీల జోకులు చాన ఉంటయ్, ఇంట్ల నాయనమ్మ ముందు గట్టిగ చదవనీయకు. టింకిల్ అనే పిల్లల పత్రికల వింగ్‌స్టార్ గూడ మంచిది. మిజోరం పిల్ల, పదమూడేండ్లు. ఊరిని కాపాడుమంటే ఇంటికి పోయి మామూలు పిల్లలెక్క ఉండాలని చూస్తది.

మేనమామన్నకు నా తరఫున ఒకటే. స్క్విరల్ గర్ల్. ఉడుతల బలం ఉన్న అమ్మాయి, కాలేజీల కంప్యూటర్ సైన్స్. ఆమె మొదటి కథలనే డాక్టర్ డూమ్ అంతటి విలన్ని ఉడుతల మందతోని ఓడిస్తది. 2015ల రయన్ నార్త్ రాసి, ఎరికా హెండర్సన్ గీసిన పుస్తకాలు తీసుకో. గ్రహాలు మింగే గెలాక్టస్ భూమి మీదికొస్తుంటే ఈమె కొట్టదు, మాట్లాడి కాయల చెట్లున్న వేరే గ్రహం చూపెడతది. పేజీ అడుగున సన్నటి అక్షరాలతోని రచయిత వ్యాఖ్యలు రాస్తుంటడు, అసలు నవ్వు అక్కడే. ఫోన్ల అయితే పెద్దగ చేసుకోని చదవాలె. ఇదే రయన్ నార్త్ 2003 నుంచి నెట్టుల డైనోసార్ కామిక్స్ అని పెడుతున్నడు. ప్రతిసారి అవే బొమ్మలు, మాటలే వేరే! ఉచితమే.

ఇంకోటి, వెబ్‌టూన్ యాప్‌ల బ్యాట్‌మాన్ వేన్ ఫ్యామిలీ అడ్వెంచర్స్, 2021ల వచ్చింది. బ్యాట్‌మాన్ ఇంట్ల పెంచుకున్న పిల్లలంత ఎట్ల పంచాయితీ పెట్టుకుంటరో అదే కథ. వేలుతోని కిందికి జరుపుకుంట పోవుడే, రీల్సుకు అలవాటైన చెయ్యికి తేడానే తెల్వదు. నన్నడిగితే ముందు ఇదే మొదలుపెట్టిస్త. పైస ఖర్చు లేదు, బూతు లేదు.

పేరు చూసి మోసపోవద్దు: డెడ్‌పూల్, ది బాయ్స్. రెంటిల నవ్వుంటది, పోరనికి మాత్రం వద్దు. నువ్వు చదువుకో.

నల్లగొండ మేనమామ:
అందరికి దండం. వేన్ ఫ్యామిలీ రాత్రే మొదలుపెట్టిండు, అన్నం తినుకుంట చదువుతుండు, అది వేరే లొల్లి. వన్ పంచ్ మ్యాన్ మొదటి భాగం ఈ పొద్దు పార్సిల్ల వచ్చింది. కని పోరడు ఎటుకెల్లి చదివినా కథ ఉల్టా ఉంది అంటుండు. రాక్షసుడు ముందు సచ్చి అటెన్క వస్తుండట. పుస్తకం ఖరాబు వచ్చిందా, వాపస్ పంపాలా?

పాలమూరు అక్క:
పంపకు, పంపకు! మాంగా కుడికెల్లి ఎడమకు చదవాలె. మనకు ఆఖరి పేజీ అనిపించేదే దానికి మొదటి పేజీ. మన లెక్కన మొదలుపెడితే అక్కడ ఇటు కాదు అని నోటీసు గూడ ఏసి ఉంటది, చూడమను. ప్రతి పేజీల పై కుడి మూల గడి ముందు, అట్ల ఎడమకు, తర్వాత కింది వరుస. మాటల బుడగలు గూడ కుడిదే ముందు. బుడగ లోపల ఇంగ్లీషు మాత్రం మామూలుగనే. మీ ఇంట్ల ఉర్దూ మీడియం చదివిన తాత ఉంటే పోరన్ని ఆయన పక్కన కూసోబెట్టు, పేజీ తిప్పుడు ఆయన చేయికే బాగొస్తది.

నల్లగొండ మేనమామ:
మా నాయినకు ఉర్దూ వస్తదక్కా. పుస్తకం ఇప్పుడు ఆయన చేతులనే ఉంది, పోరడు అడుగుతుండు, ఇస్తలేడు. రెండో భాగం గూడ చెప్పేసిన.