మోడెమ్ రేడియో లేవకపోతే ముందు ఫర్మ్‌వేర్ ఫ్లాష్ చెయ్యాలా?

సిమ్‌ట్రే:
థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లలో వచ్చే సియెర్రా ఈఎమ్7455 4జీ మోడెమ్ లైనక్స్‌లో మొండికేస్తే, ముందు ఫర్మ్‌వేర్ (మోడెమ్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మళ్లీ ఎక్కించడమే, అంటే ఫ్లాష్ చెయ్యడమే, మేలని నా వాదన. పాత ఆపరేటర్ ఇమేజ్ (ఆ నెట్‌వర్క్ కోసం చేసిన ఫర్మ్‌వేర్), పొంతన లేని పీఆర్ఐ (దానితో వచ్చే సెట్టింగుల ఫైలు), అన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. గంటలకొద్దీ డీమెసేజ్ (కెర్నల్ లాగ్) చదవడం దేనికి?

కెర్నల్‌కాకి:
ఒప్పుకోనండి. ముందు ఎల్ఎస్‌యూఎస్‌బీ (యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే కమాండ్) కొట్టి మోడెమ్ ఐడీ చూడాలి. 1199:9079 అని ఉంటే ఫర్మ్‌వేర్ బూట్ అయినట్టే. 1199:9078 అయితే బూట్‌లోడర్ (ఫర్మ్‌వేర్‌ను లేపే చిన్న ప్రోగ్రాం) దగ్గరే ఆగింది. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. 9079లో ఉండి రేడియో లేవకపోతే ఏటీ!పీసీఇన్ఫో? అనే ఏటీ కమాండ్‌తో (మోడెమ్‌కు నేరుగా పంపే ఆదేశం) అడగండి. ఎల్‌పీఎమ్ వోటర్స్ (మోడెమ్‌ను లో-పవర్‌లో ఉంచే కారణాలు) వరుసలో దేని పక్కన 1 ఉందో అదే రేడియోను ఆపుతోంది. వోల్ట్ అయితే కరెంటు, డబ్ల్యూ డిజేబుల్ అయితే రేడియోను ఆపే పిన్ లేదా స్విచ్. ఐఎమ్‌స్విచ్ పక్కన 1 ఉంటేనే ఇమేజ్ తేడా. మీ ఫ్లాషింగ్ పనికొచ్చేది ఆ ఒక్కదానికే, దానికీ చాలాసార్లు ఏ ఇమేజ్ వాడాలో చెప్పే ఏటీ!ఐఎమ్‌ప్రెఫ్ సరిచేస్తే చాలు.

సిమ్‌ట్రే:
ఏటీ పోర్టు ఎక్కడుందండీ? ఎంబీఐఎమ్ (మోడెమ్, కంప్యూటర్ మాట్లాడుకునే ఒక పద్ధతి) మోడ్‌లో సీడీసీ-డబ్ల్యూడీఎమ్0 అనే పోర్టు ఒక్కటే వస్తుంది.

కెర్నల్‌కాకి:
అదే చాలు. క్యూఎంఐసీఎల్ఐని (మోడెమ్‌తో క్యూఎంఐ అనే పద్ధతిలో మాట్లాడే టూల్) డివైస్-ఓపెన్-ఎంబీఐఎమ్ ఆప్షన్‌తో నడిపి డీఎంఎస్-గెట్-ఆపరేటింగ్-మోడ్ అడగండి. లో-పవర్ అని చెప్పి, హెచ్‌డబ్ల్యూ రెస్ట్రిక్టెడ్ యెస్ అంటే హార్డ్‌వేర్ పిన్ ఆపుతోంది. నో అంటే ఎఫ్‌సీసీ లాక్‌ను (సాఫ్ట్‌వేర్ తెరిచేదాకా రేడియోను ఆపి ఉంచే తాళం) అనుమానించాలి. మోడెమ్‌మేనేజర్ (లైనక్స్‌లో మోడెమ్‌ను చూసుకునే సర్వీసు) 1.18.4 నుంచి ఆ లాక్ తనంతట తాను తెరవదు. యూఎస్ఆర్/షేర్‌లోని ఎఫ్‌సీసీ-అన్‌లాక్.అవైలబుల్.డీలో 1199:9079 పేరున్న ఫైలుకు, ఈటీసీలోని ఎఫ్‌సీసీ-అన్‌లాక్.డీ నుంచి లింకు పెట్టి సర్వీసు రీస్టార్ట్ చెయ్యాలి. అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన కోసం పెట్టిన లాక్ ఇక్కడి జియో సిమ్‌నూ ఆపుతుంది, ఏం చేస్తాం!

బోర్డు_బాబాయ్:
ఎం.2 (ల్యాప్‌టాప్ లోపలి కార్డు స్లాట్) నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ వాడేవాళ్లకో మాట. పిన్ 8 డబ్ల్యూ డిజేబుల్, పిన్ 6 ఫుల్ కార్డ్ పవర్ ఆఫ్. ఆరో పిన్‌ను పైకి లాగకపోతే (దానికి వోల్టేజీ అందించకపోతే) మోడెమ్ ఎల్ఎస్‌యూఎస్‌బీలోనే కనిపించదు. ఎనిమిదో పిన్ గొడవైతే ఏటీ!పీసీఓఎఫ్‌ఎఫ్‌ఈఎన్=2 పెడితే దాన్ని పట్టించుకోదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపులే. ప్రసారం ఊపందుకున్నప్పుడు వోల్టేజీ పడిపోయి మోడెమ్ రీసెట్ అవుతుంది. దాన్ని ఫర్మ్‌వేర్ క్రాష్ అనుకుంటారు. అలాంటి పోర్టు మీదే ఫ్లాష్ మొదలుపెడితే సగంలో ఆగి నిజంగానే 9078లో కూర్చుంటుంది.

సిమ్‌ట్రే:
సరే, 9078లో కూర్చున్నాక? అప్పుడు ఏటీ లేదు, క్యూఎంఐ లేదు. ఫ్లాష్ తప్ప దారేదీ?

కెర్నల్‌కాకి:
అక్కడ మీదే రైటు. ముందు మోడెమ్‌మేనేజర్‌ను ఆపండి, లేకపోతే పోర్టు కోసం అదీ, ఫ్లాష్ చేసే టూలూ కొట్టుకుంటాయి. క్యూసీసీరియల్ డ్రైవర్ మాడ్యూల్ లోడ్ అయి టీటీవైయూఎస్‌బీ0 పోర్టు వచ్చిందో లేదో చూడండి. తర్వాత క్యూఎంఐ-ఫర్మ్‌వేర్-అప్‌డేట్‌ను అప్‌డేట్-క్యూడీఎల్ ఆప్షన్‌తో నడిపి, ఆ పోర్టును, సీడబ్ల్యూఈ (ఫర్మ్‌వేర్), ఎన్‌వీయూ (ఆపరేటర్ సెట్టింగులు) ఫైళ్లను రెండింటినీ ఇవ్వండి. రెండూ ఒకే విడుదలవి కావాలి. వర్చువల్ మెషీన్‌లోంచి మాత్రం చెయ్యొద్దు. ఫ్లాష్ జరిగేటప్పుడు ఐడీ 9079, 9078ల మధ్య మారుతుంది. పాత ఐడీకే పాస్‌త్రూ (యూఎస్‌బీ పరికరాన్ని వర్చువల్ మెషీన్‌కు అప్పగించడం) ఇచ్చి ఉంటే మోడెమ్ చేజారిపోతుంది.

బోర్డు_బాబాయ్:
జియో 40వ బ్యాండ్ (4జీ ప్రసారానికి వాడే ఒక ఫ్రీక్వెన్సీ పరిధి) కోసం ఫ్లాష్ చేసేవాళ్లూ ఉన్నారు. ఈఎమ్7455లో ఆ బ్యాండే లేదు, ఈఎమ్7430లో ఉంది. 3, 5 బ్యాండ్ల మీద దీన్ని వాడుకోవడమే.

సిమ్‌ట్రే:
9079 అయితే ఫ్లాష్ వద్దన్న మాట ఒప్పుకుంటా, ఐఎమ్‌స్విచ్ 1 ఉంటే తప్ప. కానీ ఆ ఎఫ్‌సీసీ లింకు డిస్ట్రోవాళ్లే (ఉబుంటు, ఫెడోరా లాంటివి తయారుచేసేవాళ్లు) పెట్టి ఇవ్వాలి. కొత్తవాళ్లు అది తెలియకే ఫ్లాషింగ్‌కు దిగుతున్నారు.

కెర్నల్‌కాకి:
నేను కాదంటా. ఏ ల్యాప్‌టాప్‌కు ఏ అనుమతి ఉందో డిస్ట్రోకు తెలియదు, ఆ బాధ్యత వాడేవాళ్లదే. లాగ్‌లో "సాఫ్ట్‌వేర్ రేడియో స్విచ్ ఆఫ్" అని వచ్చినప్పుడు, పక్కనే ఆ ఎఫ్‌సీసీ-అన్‌లాక్ డైరెక్టరీ పేరు కూడా చూపిస్తే సరిపోతుంది.