ఇంపీరియల్ వ్యాలీలో పెళ్ళి భూమి కోసమేనా?

ప్రశ్న (కొత్త నవల):
నవల మొదలుపెట్టాను. 1917, కాలిఫోర్నియా ఇంపీరియల్ వ్యాలీ. జలంధర్ రైతు ఒకడు పత్తి తీయడానికొచ్చిన మెక్సికన్ అమ్మాయిని పెళ్ళాడతాడు, ఆమె పేరున భూమి కొనొచ్చని. నమ్మేలా ఉందా?

జవాబు (ఎల్ సెంట్రో వాసి):
తేదీలు కుదరవండీ. ఆ పెళ్ళిళ్ళు 1916 ప్రాంతంలోనే మొదలయ్యాయి. భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వానికి అర్హులు కారని భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది 1923 ఫిబ్రవరిలో. పౌరసత్వానికి అర్హులు కాని విదేశీయులు వ్యవసాయ భూమి కొనకూడదనే కాలిఫోర్నియా భూచట్టం 1913 నుంచే ఉన్నా, అది వీళ్ళ మెడకు గట్టిగా చుట్టుకుంది ఆ తీర్పు తర్వాతే. అప్పుడైనా భార్య పేరు అక్కరకు రాలేదు. 1922 నాటి కేబుల్ చట్టం ప్రకారం అలా అర్హత లేని విదేశీయుణ్ణి చేసుకుంటే అమెరికన్ పౌరురాలికి ఉన్న పౌరసత్వం కూడా పోయేది. ఇది 1931 దాకా నడిచింది.

అసలు ఆ అమ్మాయికి అప్పటికి అక్కడ పౌరసత్వమే ఉండకపోవచ్చు. చాలామంది మెక్సికో విప్లవం రోజుల్లో తల్లీ అక్కచెల్లెళ్ళతో సరిహద్దు దాటి, పత్తి చేలల్లో కూలికి దిగినవాళ్ళు. అక్క ఒక పంజాబీని చేసుకుంటే, చెల్లెలు అతని పొత్తుదారుణ్ణి చేసుకునేది. పంజాబీ రైతుకేమో 1917 వలస చట్టంతో సొంతూరి నుంచి ఇల్లాలిని తెచ్చుకునే దారి మూసుకుపోయింది. ఆ మెక్సికన్ అమ్మాయిని దస్తావేజులో సంతకంగా మార్చేయకండి, దయచేసి.

మీకు కావలసిన దృశ్యం కౌంటీ గుమస్తా బల్ల దగ్గరుంది. తెల్లవాళ్ళు నల్లవాళ్ళనీ, మంగోలియన్లనీ (చైనా, జపాన్ లాంటి దేశాలవాళ్ళని) పెళ్ళాడకూడదని అప్పటి రాష్ట్ర చట్టం. లైసెన్సు కాగితం మీద జాతి గడి. గుమస్తా ఇద్దరి ఒంటిరంగూ ఎగాదిగా చూసి, రెండు గడుల్లోనూ ‘బ్రౌన్’ అని రాస్తే పని అయిపోయినట్టే. తర్వాత పిల్లలు పుడితే చర్చిలో బాప్తిస్మం, జ్ఞానతండ్రిగా నాన్న పంజాబీ స్నేహితుడు. పిల్లకు స్పానిష్ పేరు, చివర సింగ్.

జవాబు (బెర్క్‌లీ పాఠకుడు):
తెలుగు పాత్ర పెట్టాలనిపిస్తే కూలీగా కాదు, విద్యార్థిగా పెట్టండి. భారత స్వాతంత్ర్యం కోసం అమెరికాలో పుట్టిన గదర్ పార్టీలో పనిచేసిన దరిశి చెంచయ్య కాలిఫోర్నియాకి చదువుకోడానికే వెళ్ళారు. చేలో వంగి పనిచేసేవాడికీ, చదువుకునేవాడికీ మధ్య దూరం కూడా కథే కదా.

కొత్త నవల:
అయితే భూమి ఘట్టాన్ని 1924కి జరుపుతాను, అక్కడే పుట్టిన పెద్దకొడుకు పేరున. తండ్రి గార్డియన్‌గా ఉండొచ్చా?

ఎల్ సెంట్రో వాసి:
ఉండొచ్చు. 1920 నాటి భూచట్టం కూడదంది గానీ, ఒక జపాన్ తండ్రి వేసిన యానో కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు 1922లో ఆ నిషేధాన్ని కొట్టేసింది. కొడుకు పుట్టుకతోనే పౌరుడు, భూమి వాడిది. దున్నేది నాన్న. పెద్దయ్యాక ఆ కొడుకు ‘నా పొలం’ అంటే ఇంట్లో ఏమవుతుందో కూడా రాయండి.