పాత కేసు ఉంటే ఉద్యోగం ఇవ్వకూడదా? ఏ ఉద్యోగానికి, ఎన్నాళ్లు?

తొలిమెట్టు (ప్రశ్న):
కానిస్టేబుల్ సెలక్షన్ లిస్టులో పేరొచ్చాక అటెస్టేషన్ ఫారం (తన వివరాలు, పాత కేసులు రాసిచ్చే పత్రం) దగ్గర చాలామంది ఆగిపోతున్నారు. ఇలాంటి సందర్భం తీసుకోండి. వినాయక నిమజ్జనం రోజు ఊళ్లో గొడవ, రెండు వర్గాల మీదా కేసు, కౌంటర్ కేసు. 19 ఏళ్ల కుర్రాడి పేరు ఎ7గా, అంటే ఏడో నిందితుడిగా ఎక్కింది. ఐపీసీ 341 (అడ్డగించడం), 323 (కొట్టడం), 506 (బెదిరించడం) రెడ్‌విత్ 34 (అందరూ కలిసి చేయడం). రిమాండ్ లేదు, 41ఎ నోటీసు (అరెస్టు చేయకుండా, పిలిచినప్పుడు రమ్మని ఇచ్చేది) ఇచ్చి పంపేశారు. రెండేళ్లకి పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడారు, లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఇది ఫారంలో రాయాలా? రాస్తే ఉద్యోగం పోతుందా? అసలు కేసు ఉందన్న ఒక్క కారణంతో మనిషిని ఉద్యోగానికి దూరం పెట్టడం ఎంతవరకు సబబు?

నల్లకోటు:
రాయాలి. ఇందులో రెండో మాట లేదు. ఉద్యోగాలు పోయేది చాలావరకు కేసు వల్ల కాదు, దాచడం వల్ల.

ఫారంలో ఒకే ప్రశ్న ఉండదు, విడివిడిగా అడుగుతారు: ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా, బైండోవర్ చేశారా (గొడవ చేయనని బాండు రాయించుకున్నారా), జరిమానా పడిందా, శిక్ష పడిందా, ఇప్పుడేమైనా కేసు పెండింగులో ఉందా. 41ఎ నోటీసు తీసుకున్నవాళ్లు "అరెస్టు కాలేదు కదా" అని అన్నింటికీ "లేదు" అని రాసేస్తారు. అరెస్టు గడిలో "లేదు" నిజమే, కేసు గడిలో మాత్రం అబద్ధం. ఏ గడికి ఆ గడి విడిగా చదివి నింపాలి.

రాసేముందు కాగితాలు తెచ్చుకోండి. క్రైమ్ నంబరు (ఎఫ్‌ఐఆర్ నంబరు), సి.సి. నంబరు (కోర్టులో కేసు నంబరు), కోర్టు పేరు, కొట్టేసిన తేదీ. ఈ-కోర్ట్స్ సైటులో పేరుతో వెతకొచ్చు, కానీ ఇంటిపేరు స్పెల్లింగు ఒక అక్షరం తేడా ఉన్నా దొరకదు. ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరంతో వెతకడం నయం. ఆ తర్వాత అదే కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, తీర్పు మూడింటికీ సర్టిఫైడ్ కాపీలు తీసుకోవాలి. లోక్ అదాలత్ అవార్డు ఉంటే అదీ.

కాపీ చేతికొచ్చాక చివరి పేరా చదవండి. అసలు సంగతి అక్కడే ఉంటుంది. రాజీ అయితే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 320(8) కింద, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 359(8) కింద అది నిర్దోషిగా విడుదలైనట్టే. అలా కాకుండా "ఒప్పుకుని ఫైన్ కట్టేయ్, ఈ రోజుతో అయిపోతుంది" అన్న సలహా విని కట్టేసి ఉంటే అది శిక్ష కిందికే వస్తుంది, వంద రూపాయలైనా సరే. పేకాట కేసుల్లో, డ్రంకెన్ డ్రైవ్‌లో జరిగేది సాధారణంగా ఇదే. కట్టినవాడికి చలానా కట్టినట్టు ఉంటుంది, రికార్డులో మాత్రం దోషిగా పడుతుంది.

మీరు చెప్పిన మూడు సెక్షన్లూ రాజీకి వీలైనవే. 324 (ఆయుధంతో గాయపరచడం) కూడా ఉంటే కథ మారుతుంది. అది రాజీ జాబితాలో లేదు కాబట్టి రెండు పక్షాలూ ఒప్పుకున్నా హైకోర్టుకు వెళ్లి క్వాష్ చేయించుకోవాలి, అంటే కేసు కొట్టేయించుకోవాలి.

సర్వీస్‌బుక్:
నల్లకోటు గారు చెప్పింది సరైనదే. కానీ "రాస్తే చాలు, ఉద్యోగం గ్యారంటీ" అని ఎవరూ అనుకోకూడదు.

ఈ విషయంలో అందరూ చూపించే తీర్పు అవతార్ సింగ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, 2016, ముగ్గురు జడ్జీల బెంచి. అందులో ఉన్నవి క్లుప్తంగా చెప్తాను. నినాదాలు చేయడం లాంటి చిన్న కేసైతే, దాచినా యజమాని క్షమించవచ్చు. చిన్నది కాని నేరంలో శిక్ష పడి దాన్ని దాస్తే రద్దు చేయవచ్చు. ఘోరమైన నేరం లేదా నైతిక పతనం కిందికి వచ్చే నేరంలో సాంకేతిక కారణాలతో బయటపడితే, పూర్వాపరాలు చూసి నిర్ణయించుకోవచ్చు. అన్నీ నిజం రాసినా సరే, నియమించి తీరాలని యజమానిని బలవంతపెట్టలేరు. ఎక్కువ కేసులు పెండింగులో ఉండి కావాలని దాస్తే ఆ దాచడమే పెద్ద కారణం. అభ్యర్థి వైపు కూడా రెండు గట్టి రక్షణలున్నాయి: ఫారంలో స్పష్టంగా అడగని విషయం చెప్పలేదని దాచినట్టు అనకూడదు, ఉద్యోగంలో కన్ఫర్మ్ అయినవాణ్ణి శాఖాపరమైన విచారణ లేకుండా తీసెయ్యకూడదు.

పోలీసు ఉద్యోగాల దగ్గర నేను కఠినంగా ఉండాలనే అంటాను. కానిస్టేబుల్ చేతికి లాఠీ ఇస్తాం, మనిషిని అదుపులోకి తీసుకునే అధికారం ఇస్తాం. అతను రాసిన పంచనామా మీద ఇంకొకరి జీవితం ఆధారపడుతుంది. అందుకే 2013లో మెహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, విడుదలైనంత మాత్రాన పోలీసు ఉద్యోగం హక్కు కాదంది, స్క్రీనింగ్ కమిటీ నిర్ణయాన్ని నిలబెట్టింది. సాక్షులు అడ్డం తిరిగితే కేసు పోతుంది, అంతమాత్రాన అది గౌరవప్రదమైన విడుదల కాదని అంతకుముందు 2012లో సముత్తిరం కేసులోనూ చెప్పింది. ఊళ్లలో సాక్షులు ఎందుకు అడ్డం తిరుగుతారో మనకు తెలియంది కాదు.

తొలిమెట్టు:
సర్వీస్‌బుక్ గారూ, అదే ఊళ్లలో గొడవకి సంబంధం లేనివాళ్ల పేర్లు కూడా ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కిస్తారు కదండీ. 498ఎ (కోడలిని వేధించారన్న) కేసులో చదువుకుంటున్న మరిది ఎ4 అవుతాడు. అతనికి మీరు చెప్పిన కఠినత్వం వర్తిస్తే ఎలా?

సర్వీస్‌బుక్:
న్యాయమైన ప్రశ్న. కమిటీ చూడాల్సింది సెక్షన్ నంబరు కాదు, ఛార్జిషీటులో ఆ మనిషి చేశాడన్న పని ఏమిటన్నది. "అందరూ కలిసి వేధించారు" అన్న ఒక్క వాక్యం తప్ప అతని పేరిట ఏ పనీ లేకపోతే దాన్ని అలాగే చదవాలి. ఛార్జిషీటు కాపీ జత చేయమనేది అందుకే. లేకపోతే వాళ్ల ముందు 498ఎ అన్న అంకె ఒక్కటే ఉంటుంది. 2011లో సందీప్ కుమార్ కేసులో ఢిల్లీ పోలీసు అభ్యర్థి 20 ఏళ్ల వయసులో జరిగిన, రాజీ అయిన 325 (తీవ్రంగా గాయపరచడం) కేసును రాయకపోయినా కోర్టు అతని పక్షాన నిలిచింది. 2024లో రవీంద్ర కుమార్ కేసులోనూ, రాయలేదన్న ఒక్క కారణంతో అందర్నీ ఒకే గాటన కట్టడం తప్పంది.

అద్దంవెనుక:
మీరిద్దరూ పోలీసు ఉద్యోగం దగ్గరే ఆగిపోయారు. కేసు ఉన్నవాళ్లలో ఎక్కువమంది వెతుక్కునేది గేటు దగ్గర గార్డు పని, డ్రైవింగు, బ్యాంకులో చిన్న ఉద్యోగం. చట్టం అన్యాయంగా ఉన్నది అక్కడే.

ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం, 2005, సెక్షన్ 10 చూడండి. కోర్టులో శిక్ష పడినవాణ్ణి గార్డుగా పెట్టుకోకూడదంటుంది. ఏ నేరం, ఎన్నేళ్ల కిందట అన్న తేడా లేదు. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం సెక్షన్ 10 కాస్త నయం, నైతిక పతనం ఉన్న నేరాలకే పరిమితం, కానీ అక్కడా గడువు లేదు. అదే ప్రజాప్రతినిధికైతే రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే జైలు నుంచి విడుదలయ్యాక ఆరేళ్లకు సాధారణంగా అనర్హత తీరిపోతుంది. చట్టం చేసేవాడికి గడువు ఉంది, గేటు తీసేవాడికి లేదు. ఇది సరిదిద్దాల్సిన విషయం.

నాకు సబబుగా తోచిన పద్ధతి 2020లో క్యాబ్ అగ్రిగేటర్లకు (యాప్ ద్వారా క్యాబ్‌లు పంపే కంపెనీలకు) కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉండేది (వాటి స్థానంలో 2025లో కొత్తవి వచ్చాయి). తాగి నడపడం, మోసం, లైంగిక నేరం, దొంగతనం, హింస వంటివాటిలో గడిచిన ఏడేళ్లలో శిక్ష పడి ఉండకూడదన్నారు. నేరాలు చెప్పారు, గడువు చెప్పారు, కేసు కాదు శిక్ష అన్నారు. మూడూ ఉండేవి. లైంగిక నేరాలకు మాత్రం ఏడేళ్లు చాలవంటాను. పిల్లలతో పనిచేసే చోట్ల శాశ్వతంగా ఆపాల్సిందే, అందులో రాజీ లేదు. పోక్సో నియమాలు, 2020 ప్రకారం బడి, క్రెష్, క్రీడా అకాడమీ ఏదైనా సిబ్బందిలో ప్రతి ఒక్కరికీ పోలీసు వెరిఫికేషన్ చేయించాలి, మధ్యమధ్యలో మళ్లీ చేయించాలి. టీచర్లకు చేయించి వ్యాన్ డ్రైవరును, ఆయాను వదిలేయడమే ఎక్కువగా జరిగే తప్పు.

ఇంకొకటి. 18 నిండకముందు జరిగిన విషయమైతే జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 సెక్షన్ 24 ప్రకారం దానివల్ల ఏ అనర్హతా రాదు. 16 దాటి, ఘోర నేరంలో పెద్దవాడిగా విచారించిన సందర్భం ఒక్కటే మినహాయింపు. కేసు ముగిశాక క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం ఆ రికార్డు బయటపెట్టకూడదని సెక్షన్ 74 పోలీసులకే చెప్తోంది.

నల్లకోటు:
అద్దంవెనుక గారి మాటకు చిన్న చేర్పు. ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం, 1958 కింద మందలించి లేదా బాండు రాయించుకుని వదిలేస్తే, సెక్షన్ 12 వల్ల దోషిగా తేలడంతో చట్టపరంగా వచ్చే అనర్హత పోతుంది. కానీ దోషి అన్న నిర్ధారణ చెరిగిపోదు, ఫారంలో రాయాల్సిందే. లాయరు గారు దోషి అని తేలిన రోజే ఈ ప్రొబేషన్ అడగాలి. అప్పుడు అడగకపోతే మళ్లీ అప్పీలు దాకా ఆగాలి.

ఇక మీ ఎ7 కుర్రాడి విషయం. ఫారంలో "అవును" అని రాసి, విడి కాగితం మీద నాలుగు వాక్యాల్లో కేసు వివరం, కాపీలు జత చేసి, మొత్తం సెట్టు జిరాక్సు తీసి రసీదుతో దాచుకోవాలి. ఫారం ఇచ్చాక కొత్త కేసు నమోదైతే అదీ వెంటనే రాసి ఇవ్వాలి. చాలా ఫారాల్లో ఆ హెచ్చరిక ఉంటుంది, ఎవరూ చదవరు. షోకాజ్ నోటీసు వస్తే గడువు లోపల జవాబు ఇవ్వండి, ఘటన నాటి వయసు, ఛార్జిషీటులో తన పాత్ర, కేసు ముగిసిన తీరు విడివిడిగా రాయండి. కారణాలు చెప్పకుండా ఒక్క వాక్యంతో రద్దు చేస్తే హైకోర్టులో రిట్ వేయడానికి అదే బలమైన అంశం. సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్ అయినా క్యాట్‌కు (కేంద్ర ఉద్యోగుల ట్రిబ్యునల్) కాదు, హైకోర్టుకే వెళ్లాలి. ఆలస్యం చేయకండి, ట్రైనింగ్ బ్యాచ్ మొదలైపోతే నెగ్గినా సీనియారిటీ కోసం ఇంకో పోరాటం చేయాల్సి వస్తుంది.