అప్‌డేట్: 12 బైకుల సైక్లింగ్ గది, చివరికి కుదిరిన అమరిక

8 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల లోతున్న మేడమీది గదిలో 12 స్పిన్ బైకులు (ఒకే చోట నిలిపి తొక్కే వ్యాయామ సైకిళ్లు) ఎలా సర్దాలి, కిందికి అదురు వెళ్లకుండా ఏం చేయాలి అని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

వరుసకు ఆరు చొప్పున రెండు వరుసలు. బైకుల మధ్య 60 సెం.మీ., వరుసల మధ్య 90 సెం.మీ. వెనక వరుసను సగం బైకు దూరం పక్కకు జరిపితే శిక్షకుడు అందరికీ కనిపిస్తాడు.

అదురు సంగతి అసలు ముఖ్యం. నేలంతా 10 మి.మీ. రబ్బరు పరిచి, గోడల దగ్గర వేలెడు ఖాళీ వదిలాం. రబ్బరు గోడను తాకితే అదురు అటూ పాకుతుంది. అయినా చప్పుడు తగ్గకపోతే ముందు బైకు కాళ్లు చూడండి. నాలుగింటిలో ఒక్కటి నేలకు ఆనకపోయినా ఫ్రేము ఊగుతుంది. కాలి ఎత్తు సరిచేసే లెవెలింగ్ స్క్రూ తిప్పి ఆనించాక, అది కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్ తప్పకుండా బిగించాలి.

గాలికి గోడ ఫ్యాన్లే మేలు, ఛాతీ ఎత్తుకు తగిలేలా.

చెమట ఉప్పు హ్యాండిల్ కడ్డీని, బోల్టులను తుప్పు పట్టిస్తుంది. ప్రతి క్లాసు తర్వాత తడిగుడ్డతో, ఆపై పొడిగుడ్డతో తుడవాలి. పెడళ్లు వారానికోసారి బిగించండి. ఎడమ పెడల్ మర తిరుగుడు ఎదురు దిశలో ఉంటుంది, బలవంతంగా తిప్పితే క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) మర పాడవుతుంది.