గెఫ్రీ విగ్రహం గూట్లో ఉంచాలా, దించాలా?

గోదారిగట్టు:
లండన్‌లో షోర్‌డిచ్ దగ్గర ‘మ్యూజియం ఆఫ్ ద హోమ్’ చూసొచ్చాను. 1714లో కట్టిన ఆమ్స్‌హౌస్ అది, అంటే గతిలేని ముసలివాళ్ళకు ఊరికే ఇచ్చిన ఇళ్ళు. మూడు వైపులా ఇటుక ఇళ్ళ వరస, ముందు పచ్చిక, నడిమధ్య చిన్న చర్చి. దాని తలుపు పైన గూట్లో సర్ రాబర్ట్ గెఫ్రీ విగ్రహం. ఇళ్ళు కట్టింది ఆయన వీలునామా డబ్బుతోనే. ఆయనకు బానిస వ్యాపారంలో పెట్టుబడులుండేవి. 2020లో జనాన్ని అడిగితే ఎక్కువమంది దించేయమన్నారు, ట్రస్టీలు మాత్రం ఉంచేశారు. నా ఓటు దించడానికే.

పాతగోడలు:
నాది ఉంచడానికండీ. ఆమ్స్‌హౌస్ కట్టుబడే అలాంటిది. ఉపకారం ఎవరిదో ముసలాళ్ళు రోజూ తలుచుకోవాలి. 1437లో యూవెల్మ్ అనే ఇంగ్లండు పల్లెలో పెట్టిన ఆమ్స్‌హౌస్‌లోనైతే 13 మంది పేదలు దాతల ఆత్మల కోసం ప్రార్థనలు చేయాలని షరతే పెట్టారు. విగ్రహం తీసేస్తే గెఫ్రీ మంచివాడైపోడు, ఆ దర్పం మాత్రం కనపడకుండా పోతుంది.

గోదారిగట్టు:
కానీ అక్కడున్నది నకలు. 1723 నాటి అసలు సీసం విగ్రహాన్ని, ఆ ఇళ్ళు నడిపిన ఐరన్‌మంగర్స్ కంపెనీ (లండన్ ఇనుప వర్తకుల సంఘం) వాళ్ళు 1912లో మాటింగ్‌హామ్‌లోని కొత్త ఆమ్స్‌హౌస్‌కు పట్టుకుపోయారు.

పాతగోడలు:
నకలైతే మాత్రం? వందేళ్ళు దాటింది, అదీ పాతదే.

చలికాలం:
మీ ఇద్దరికీ విగ్రహమే కనపడుతోంది, ఆ ఇళ్ళు ఖాళీ అయిన సంగతి పట్టలేదు. 14 ఇళ్ళు, ఇంటికి నాలుగు గదులు, గదికో మనిషి. చుట్టూ పేటలు కిక్కిరిసిపోయాయని ఆ ముసలాళ్ళని కంపెనీ తీసుకెళ్ళిపోయింది, భవనం లండన్ కౌంటీ కౌన్సిల్ కొంది, 1914లో మ్యూజియం అయింది. ఇప్పుడు 14వ నంబరు ఇంట్లో ఒకప్పటి ముసలాళ్ళ గదుల్ని సర్దిపెట్టి చూపిస్తున్నారు. మంచం, పొయ్యి అన్నీ ఉన్నాయి, పడుకునేవాళ్ళే లేరు.

వించెస్టర్‌లో సెయింట్ క్రాస్ అనే పాత ఆమ్స్‌హౌస్‌కి వెళ్ళండి. 1130ల్లో పెట్టింది. ఇప్పటికీ ‘బ్రదర్స్’ అని పిలిచే ముసలాళ్ళు అక్కడే ఉంటున్నారు, కొందరికి నల్ల గౌను, కొందరికి ముదురెరుపు గౌను. గేటు దగ్గర అడిగితే దారిన పోయేవాళ్ళకి ఇంత రొట్టెముక్క, చిన్న కప్పులో బీరు పోస్తారు.

గోదారిగట్టు:
ఆ మాట ఒప్పుకుంటా. అయినా నకలుని లోపల గదిలో పెట్టి, కథంతా పక్కన రాస్తే భవనానికొచ్చే నష్టమేంటి? ఖాళీ గూడు చూసి పిల్లలే అడుగుతారు, ఇక్కడెవరుండేవారని.

పాతగోడలు:
గూడు ఖాళీగా ఉంటే ఎవరూ తలెత్తి చూడరండీ.