"ఉప్పుమూట ఎక్కుతా" అంటే మూట ఎవరు?

నిన్న పొద్దున్న ఆర్కే బీచ్‌లో పుట్టిన సందేహం ఇది. కురుసుర జలాంతర్గామి దగ్గర ఇసకలోంచి రోడ్డు మీదకి వస్తుంటే మా ఆరేళ్ళ అమ్మాయి ఆగిపోయి, "కాళ్ళకి ఇసకంటుకుంటోంది, ఉప్పుమూట ఎక్కుతా నాన్నా" అంది. వంగాను, ఎక్కింది. పది అడుగులు వేశానో లేదో బుర్రలో పురుగు తొలచడం మొదలైంది. మూట తను కదా? మూటని కడతాం, ఎత్తుతాం, దించుతాం. మూట ఎక్కడమేంటి?

మీ వైపు ఏమంటారో గాని, పిల్లల్ని వీపున వేసుకుని, వాళ్ళ చేతులు మన మెడ చుట్టూ, కాళ్ళు నడుముకి రెండు పక్కలా వచ్చేలా మొయ్యడాన్ని మా ఇంట్లో ఉప్పుమూట అంటాం. నా చిన్నప్పుడు నాన్నగారు నన్నలా వేసుకుని "ఉప్పోయ్ ఉప్పు" అని అరుస్తూ వంటింటి గుమ్మం దాకా వెళ్ళేవారు. అమ్మ పోపు వేస్తూనే "ఎలా ఇచ్చేవు?" అని బేరం మొదలెట్టేది. ఎంత చెప్పినా చివరికి "మాకొద్దు, మీ ఉప్పు తడిసిపోయింది" అనేసేది. మళ్ళీ హాల్లోకి, మళ్ళీ వంటింట్లోకి. కూర మాడిన రోజులు కూడా ఉన్నాయి.

మాటని విడదీస్తే ఉప్పు యొక్క మూట, షష్ఠీ తత్పురుష. అక్కడితో వ్యాకరణం అయిపోతుంది, గమ్మత్తంతా వాడుకలోనే ఉంది. పెద్దవాళ్ళు "రా, ఉప్పుమూట వేసుకుంటా" అంటారు. అక్కడ మూట పిల్లే. పిల్లలు మాత్రం బస్సెక్కుతా, గుర్రమెక్కుతా అన్న వరసలో "ఉప్పుమూట ఎక్కుతా" అంటారు. వాళ్ళ లెక్కలో ఆ మూట మనమన్నమాట! "ఉప్పుమూటలా" అన్నదాంట్లో "లా" ఎప్పుడో జారిపోయి, వస్తువు పేరు కాస్తా పనికి పేరైపోయి ఉంటుందని నా ఊహ.

ఇంకోటి. తెలుగులో వీపుకి మంచిరోజులు తక్కువ. వీపు విమానం మోత మోగుతుంది, వీపు చీరేస్తాం, వీపు మీద దరువేస్తాం. అదే చోటు వెన్ను అయ్యేసరికి తట్టి మెచ్చుకుంటాం, వెన్నుదన్నుగా నిలబడతాం (వెన్నుపోటు సంగతి వదిలెయ్యండి). నెత్తికెక్కించుకుంటే గారాం ఎక్కువైందని తిడతారు. పాపం వీపుకి దక్కిన ముద్దుమాట నాకు తెలిసి ఇదొక్కటే.

మరి బియ్యం మూట ఎందుకు కాలేదు, ఉప్పే ఎందుకైంది? గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరు పీల్చుకోవడం మొదలెడుతుంది. వానాకాలం విశాఖలో డబ్బా మూత మర్చిపోయినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఉప్పు మోసినవాడి వీపు తడవక మానదు. మోకాళ్ళ దాకా సముద్రంలో తడిసిన పిల్లని మోసిన నా చొక్కా కూడా అదే సాక్ష్యం చెప్పింది.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి పిల్ల కబుర్లు మొదలయ్యాయి. ఎదురుగా కూర్చోబెట్టి "స్కూల్లో ఏం జరిగింది?" అంటే "ఏమీ లేదు" తప్ప రాదు. వీపెక్కిందంటే మాత్రం నా మొహం తనకి కనపడదు, తన మొహం నాకు కనపడదు, నోరు సరిగ్గా నా చెవి దగ్గరుంటుంది. పక్క పిల్లాడి డబ్బాలో పులిహోర తనే తినేసిందట. వాడు ఏడవలేదట, "కొంచెం చూశాడంతే" అంది. ఆ "కొంచెం చూశాడు" అన్న మాట నేను జన్మలో రాయలేను. తర్వాత కాసేపు మౌనం. "నాన్నా, నీ చెవి వెనకాల పుట్టుమచ్చ ఉంది, తెలుసా?" నలభై ఒక్క ఏళ్ళుగా ఆ చెవి నాదే, నాకు తెలీదు. ఇంటికొచ్చి అమ్మనడిగితే "నీకిప్పుడు తెలిసిందేటి?" అని నవ్వింది.

సరే, మీ ఇళ్ళల్లో దీన్నేమంటారు? ఎక్కుతారా, వేసుకుంటారా?

జవాబు (శ్రీకాకుళం): మాకిది ఉప్పుబస్తా అండీ. నౌపడ ఉప్పుమడులకి దగ్గర ఊరు మాది. అక్కడ ఉప్పు గంపలకెత్తి నెత్తిన మోస్తారు గాని వీపున కాదు. మీ తడిచొక్కా సిద్ధాంతం కొంచెం ఆలోచించుకోండి.

జవాబు (చెన్నై): మా పక్కింటి తమిళావిడ వాళ్ళ మనవణ్ణి ఇలాగే వేసుకుని "ఉప్పుమూట్టై" అంటారు. ఉప్పు, మూట రెండూ రెండు భాషల్లోనూ ఉన్నవే కాబట్టి ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారని కొట్టుకోనక్కర్లేదు.

జవాబు (గోపాలపట్నం): ఉప్పు చేతికివ్వకూడదంటారు, వీపుకిస్తే పర్లేదన్నమాట! ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసి చూడండి, 32 కిలోమీటర్లు. అడవివరంలో బయల్దేరినప్పుడు పిల్లలు మనకన్నా ముందు పరిగెడతారు. హనుమంతవాక వచ్చేసరికి సగంమంది వీపుల మీదుంటారు. మెడ చుట్టూ చేతులు వదులైతే నిద్రపోయారని గుర్తు. నిద్రపోయిన మూట బరువే వేరు. ఒక చెయ్యి వెనక్కి పెట్టి నడవాల్సిందే. అప్పూఘర్ దగ్గర దించుదామంటే కళ్ళు తెరవకుండానే "ఇంకా రాలేదు" అన్నాడు మావాడు.

నా జవాబు: శ్రీకాకుళం వారూ, ఒప్పుకున్నాను. మడిలో గంప సరే, ఊళ్ళు తిరిగి అమ్మేవాళ్ళు ఎలా మోసేవారో చూసిన పెద్దలెవరైనా ఉంటే చెప్పాలి. తమిళం సంగతి నాకు కొత్త. ఆ మాట అటూ ఇటూ ఉందంటే నా "లా" జారిపోయిన కథని కూడా మళ్ళీ చూసుకోవాలి. గోపాలపట్నం వారి "నిద్రపోయిన మూట"కి మాత్రం వంక పెట్టడానికి లేదు.

అసలు మనిషినే అడుగుదామని ఇందాక మా అమ్మాయిని అడిగాను. "ఇద్దర్లో ఉప్పుమూట ఎవరే?" కాసేపు ఆలోచించి, "మూట అంటే ఏంటి?" అంది.

నిజమే, తను ఎక్కడ చూస్తుంది? ఇంటికొచ్చే ఉప్పు కిలో ప్యాకెట్. మా అమ్మ తువ్వాలు తెచ్చి, ప్యాకెట్ కత్తిరించి మధ్యలో పోసి, నాలుగు కొసలూ కలిపి ముడేసి చేతికివ్వబోయి, చప్పున నేల మీద పెట్టింది. పిల్ల దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇంత చిన్నదా?" అంది.